అమెరికాలో ఇంటికి డెక్ కట్టడం ఎలా? పర్మిట్ దరఖాస్తు నుంచి ఆఖరి ఇన్‌స్పెక్షన్ దాకా

న్యూజెర్సీలోనో, వర్జీనియాలోనో, అట్లాంటా శివార్లలోనో కొత్త ఇల్లు కొన్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. వంటగది పక్కన పెద్ద గాజు తలుపు ఉంటుంది, దాని అవతల అడుగు పెట్టడానికి ఏమీ ఉండదు. బిల్డర్ తలుపుకు అడ్డంగా ఒక కమ్మీ బిగించి వెళ్లిపోతాడు. అక్కడ డెక్, అంటే గోడను ఆనుకుని చెక్కతో వేసే అరుగు, మనమే కట్టించుకోవాలి. సొంతంగా కట్టుకుందామనుకునేవాళ్లకూ, కాంట్రాక్టర్‌కు అప్పగించి పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవాలనుకునేవాళ్లకూ పనికొచ్చేలా మొత్తం క్రమం ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. డెక్‌ను తోట పని లెక్కలో వేయకండి. అది ఇంటి బయట వేలాడే ఇంకో అంతస్తు. 2003 జూన్ 29న షికాగోలోని లింకన్ పార్క్ ప్రాంతంలో జనం నిండిన చెక్క పోర్చ్ కూలి 13 మంది చనిపోయారు. దాన్ని పర్మిట్ లేకుండా కట్టారని నగర అధికారులు తర్వాత చెప్పారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు పోయారు. అక్కడ లోపలికి నీళ్లు దిగి చెక్క కుళ్లిపోయింది. ఇళ్ల డెక్‌ల విషయానికొస్తే, ఎక్కువగా కనపడే ప్రమాదం డెక్ గోడ నుంచి ఊడి రావడం. డబ్బు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఇదే చెబుతుంది. పైన పరిచే పలకల రంగు కోసం వారాల తరబడి షాపులు తిరుగుతారు, గోడకు బిగించే బోల్టుల గురించి ఒక్కసారి కూడా అడగరు. నా దృష్టిలో ఈ వరస తిరగబడాలి.

పర్మిట్ కావాలా, అక్కర్లేదా?

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇళ్ల కోసం ఐఆర్‌సీ అనే నమూనా కోడ్‌ను తీసుకుని, తమకు కావలసిన మార్పులు చేసుకున్నాయి. ఆ కోడ్ ప్రకారం పర్మిట్ అక్కర్లేని డెక్‌కు నాలుగు లక్షణాలు ఉండాలి. విస్తీర్ణం 200 చదరపు అడుగులు దాటకూడదు. ఏ చోటా నేల నుంచి 30 అంగుళాల కంటే ఎత్తు ఉండకూడదు. ఇంటికి అతికించి ఉండకూడదు. ఇంటి ముఖ్య ద్వారానికి దారి కాకూడదు. ఈ నాలుగూ ఒకేసారి కుదరాలి. "రెండు వందల లోపైతే పర్మిట్ అక్కర్లేదట" అని స్నేహితులు చెప్పే మాటలో మిగతా మూడూ ఎగిరిపోతాయి. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు డెక్ 192 చదరపు అడుగులే. కానీ ఇంటికి అతికించి 36 అంగుళాల ఎత్తున కడుతున్నారంటే పర్మిట్ తప్పదు. పైగా కొన్ని ఊళ్లు ఈ మినహాయింపును ఇంకా కుదించాయి. అందుకే మీ ఊరి బిల్డింగ్ ఆఫీసు పేజీలో ఏముందో అదే చివరి మాట.

ఆ ఆఫీసు ఏదో తెలుసుకోవడంలోనే కొందరు పొరపడతారు. ఉత్తరాలు వచ్చే చిరునామాలో ఉన్న ఊరు, పర్మిట్ ఇచ్చే ఊరు ఒకటే కానక్కర్లేదు. జార్జియాలో కమ్మింగ్ అని చిరునామా ఉన్న ఇళ్లలో చాలా భాగం ఆ నగర పరిధిలో లేవు, వాటికి ఫోర్సైత్ కౌంటీ ఆఫీసే దిక్కు. న్యూజెర్సీలో మన్‌మౌత్ జంక్షన్ చిరునామా ఉన్నవాళ్లు వెళ్లాల్సింది సౌత్ బ్రన్స్‌విక్ టౌన్‌షిప్‌కు. ఆస్తి పన్ను బిల్లు ఏ ఊరి ఆఫీసు నుంచి వస్తోందో చూస్తే మీ ఆఫీసు ఏదో చాలావరకు తేలిపోతుంది.

ఆ తర్వాత గుర్తుంచుకోవాల్సింది, అనుమతులు ఒకటి కాదు, మూడు. జోనింగ్ వాళ్లు డెక్ స్థలంలో ఎక్కడిదాకా రావచ్చో చూస్తారు. బిల్డింగ్ వాళ్లు అది నిలబడుతుందా అని చూస్తారు. కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే వాళ్లు రంగు, రూపం చూస్తారు. ఒకరి అనుమతి ఇంకొకరిది కాదు. ఊరు పర్మిట్ ఇచ్చినా హెచ్‌ఓఏ తీయించగలదు, హెచ్‌ఓఏ సరేనన్నా ఊరు ఆపగలదు. హెచ్‌ఓఏ కమిటీలు నెలకొకసారి కలిసే చోట్ల దరఖాస్తు అక్కడ ముందు పెట్టడం మేలు. వేసవిలో వాడుకోవాలనుకుంటే చలికాలంలోనే కాగితాలు మొదలుపెట్టాలి.

స్థలం కాగితం తీయండి

ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ కాగితాల్లో సర్వే పటం ఒకటి ఇచ్చి ఉంటారు. దాన్ని వెతికి తీయండి. అందులో హద్దుల దూరాలు, ఇంటి ఆకారం, ఈజ్‌మెంట్లు ఉంటాయి. ఈజ్‌మెంట్ అంటే మీ స్థలంలోనే కరెంటు కంపెనీకో, మురుగు కాలువకో, వాన నీటికో వదిలిన పట్టీ. స్థలం మీదే అయినా అందులో స్తంభం పాతడానికి వీల్లేదు. పెరటి హద్దు వెంట ఇలాంటి పట్టీ ఉండే కాలనీలు చాలానే ఉన్నాయి.

హద్దు నుంచి ఎంత దూరం వదలాలో జోనింగ్ నిబంధనల్లో ఉంటుంది. పైకప్పు లేని డెక్‌కు కొన్నిచోట్ల కొంత సడలింపు ఇస్తారు. రేపెప్పుడో పైకప్పు వేసి దోమల వల కట్టుకుందామనే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. ఆ దూరం లెక్క మారిపోతుంది, కింద పునాదుల సైజూ మారుతుంది. స్థలంలో ఎంత శాతం కప్పి ఉంచవచ్చనే పరిమితి పెట్టిన టౌన్‌షిప్‌లలో మీ డ్రైవ్‌వే, షెడ్డు, నడవ అన్నీ కలిపి లెక్క వేస్తారు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లకు ఆరోగ్య శాఖ వాళ్ల సంతకం కూడా కావాల్సి రావచ్చు.

బొమ్మ గీయడం

ఒక అంతస్తు ఇంటి వెనక మామూలు డెక్‌కు ఆర్కిటెక్టు లేకుండానే చాలా ఊళ్లు దరఖాస్తు తీసుకుంటాయి. న్యూజెర్సీలో సొంతంగా ఉంటున్న ఇంటికి యజమానే గీసి సంతకం పెట్టవచ్చు. అమెరికన్ వుడ్ కౌన్సిల్ డీసీఏ 6 అనే మార్గదర్శిని ఉచితంగా అందిస్తోంది. స్తంభాలు, దూలాలు, బోల్టుల పట్టికలన్నీ అందులో బొమ్మలతో సహా ఉన్నాయి. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ లాంటివి తమ సొంత నమూనా డెక్ పుస్తకమే ఇస్తాయి. అలాంటిది మీ ఊళ్లో ఉంటే కళ్లు మూసుకుని దాన్నే పట్టుకోండి. పరిశీలించే అధికారికి అది కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి ప్రశ్నలు తక్కువ వస్తాయి.

రెండు మూడు కాగితాలు చాలు. సర్వే పటం నకలు మీద డెక్‌ను కొలతకు గీసి హద్దుల దూరాలు రాసింది ఒకటి. పై నుంచి చూస్తే స్తంభాలు, దూలం, జాయిస్ట్‌లు (అడ్డ వాసాలు) ఎక్కడెక్కడ వస్తాయో చూపేది ఇంకొకటి. పక్క నుంచి కోసి చూపినట్టు పునాది లోతు, గోడకు బిగింపు, మెట్లు, రెయిలింగ్ చూపేది మూడోది. ప్రతి చెక్క సైజు, జాతి, ప్రతి మెటల్ ముక్క పేరు, నంబరు రాయాలి. "తగిన బోల్టులు" అని రాస్తే కాగితం వెనక్కి వస్తుంది.

పైన చెప్పిన 12 బై 16 డెక్‌నే తీసుకుందాం. గోడ వెంట 16 అడుగులు, బయటికి 12 అడుగులు. గోడకు లెడ్జర్ అనే పొడవాటి చెక్క బిగిస్తాం. బయటి అంచు కింద దూలం, దాన్ని మోయడానికి మూడు స్తంభాలు. లెడ్జర్ నుంచి దూలం మీదికి 16 అంగుళాల దూరంలో ఒకటి చొప్పున జాయిస్ట్‌లు. సదరన్ పైన్ రెండో రకం చెక్కలో, ఈ దూరానికి 2 బై 8 అంగుళాల జాయిస్ట్ 11 అడుగుల 10 అంగుళాలు, 2 బై 10 జాయిస్ట్ 14 అడుగులు దాటగలవని పట్టిక చెబుతుంది. లెడ్జర్, దూలం మందం పోగా 2 బై 8 అంచు మీద సరిపోతుంది. నేనైతే 2 బై 10 వేస్తాను. కోడ్ చూసేది విరగకుండా ఉండటం, మరీ వంగకుండా ఉండటం. పిల్లలు పరిగెత్తితే టీ కప్పు కదలకుండా ఉండాలంటే ఆ రెండు అంగుళాల లోతు కావాలి.

ఇక బరువు. కోడ్ డెక్‌ను చదరపు అడుగుకు 40 పౌండ్ల జనం, సామాను మోసేలా కట్టమంటుంది. మన 192 చదరపు అడుగులకు అది 7,680 పౌండ్లు. సత్యనారాయణ వ్రతానికో, పుట్టినరోజుకో వచ్చినవాళ్లంతా భోజనం ప్లేట్లు పట్టుకుని డెక్ మీదికే చేరే ఇళ్లు మనవి, కాబట్టి ఈ అంకె మనకు కాగితం మీది అంకె కాదు. హాట్ టబ్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఈ లెక్క చాలదు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, 300 గ్యాలన్ల టబ్‌లో నీళ్లే 2,500 పౌండ్లు. దానికి ఇంజనీర్ లెక్క వేరే కావాలి.

పునాది ఎంత వెడల్పు, ఎంత లోతు?

చాలామంది హోమ్ డిపోలో 12 అంగుళాల అట్ట గొట్టం కొని, గొయ్యి తీసి, కాంక్రీట్ పోసేస్తారు. మన మూడు స్తంభాల్లో మధ్యదాన్ని లెక్క వేసి చూడండి. గోడ సగం బరువు మోస్తుంది, దూలం మిగతా సగం, అంటే 6 అడుగుల మేర. మధ్య స్తంభానికి ఇటు 4, అటు 4, మొత్తం 8 అడుగులు. 48 చదరపు అడుగులు. జనం 40 పౌండ్లు, డెక్ సొంత బరువు 10 పౌండ్లు కలిపితే 2,400 పౌండ్లు. పరీక్ష చేయించని బంకమట్టి చదరపు అడుగుకు 1,500 పౌండ్లు మోస్తుందని కోడ్ అనుకుంటుంది. 2,400ను 1,500తో భాగిస్తే 1.6 చదరపు అడుగులు. అంత వైశాల్యమున్న వలయానికి వ్యాసం 17 అంగుళాలు దాటుతుంది. అంటే అడుగున 18 అంగుళాల పునాది కావాలి. 12 అంగుళాల గొట్టం అడుగు వైశాల్యం అందులో సగం కూడా లేదు. అలా పోసిన స్తంభం మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత నెమ్మదిగా దిగుతుంది.

దీనికి మార్గం, గొయ్యి అడుగున 18 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల మందం పీఠం పోసి, దాని మీద 12 అంగుళాల గొట్టం నిలపడం. మూడు అడుగుల లోతుకు ఇలా పోస్తే గోతికి 3 ఘనపుటడుగుల కాంక్రీట్ పడుతుంది. 80 పౌండ్ల సంచి 0.6 ఘనపుటడుగులు ఇస్తుంది కాబట్టి గోతికి ఐదు సంచులు. జాయిస్ట్‌లు దూలం దాటి ముందుకు వచ్చేలా గీస్తే దూలం మీద బరువు పెరుగుతుంది, పీఠమూ పెరగాలి.

లోతు మీ ఊరి చలిని బట్టి ఉంటుంది. నేలలో నీరు గడ్డకడితే ఉబ్బి, పైనున్న పునాదిని ఎత్తేస్తుంది. అందుకే గడ్డకట్టే లోతు కంటే కిందికి వెళ్లాలి. ఫెయిర్‌ఫాక్స్‌లో 24 అంగుళాలు, షికాగోలో 42, మసాచుసెట్స్‌లో 48. న్యూజెర్సీలో చాలా ఊళ్లు 36 అడుగుతాయి. చలి లేని చోట కూడా కదలని నేలలోకి కనీసం 12 అంగుళాలు దిగాలి. డాలస్ చుట్టుపక్కల సమస్య చలి కాదు, నల్లమట్టి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ రేగడి మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లకు కొత్తదేమీ కాదు. అక్కడ ఎంత లోతు తీయాలో ఊరి ఆఫీసునో, ఇంజనీర్‌నో అడిగి తీరాలి.

పార పట్టుకునే ముందు 811కు, అంటే నేలలో పాతిన లైన్లను గుర్తు పెట్టే సేవకు, ఫోన్ చేయండి. దేశమంతటా ఒకటే నంబరు, ఉచితం. కొన్ని పని దినాల్లో వచ్చి నేల మీద రంగులు వేసి వెళ్తారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నీలం మంచినీళ్లు, నారింజ ఫోను, ఇంటర్నెట్, ఆకుపచ్చ మురుగు. మీరు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ గొట్టాలు, గ్రిల్‌కు లాగిన గ్యాస్ లైను వాళ్లు గుర్తు పెట్టరు. అవి ఎక్కడున్నాయో మీరే చూసుకోవాలి.

గోతులు తీశాక ఆగండి. కాంక్రీట్ పోయకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి లోతు కొలవాలి. పోసేశాక పిలిస్తే పగలగొట్టి చూపించమనే హక్కు ఆయనకుంది. వాన సూచన ఉన్న రోజు గోతులు తీయకండి. నీళ్లు నిలిచి అడుగున బురద పేరుకుంటే ఎత్తి పారేసి మళ్లీ చూపించాలి.

గోడకు బిగించడం: ఇక్కడ తొందర పడొద్దు

ముందు గోడ ఎలాంటిదో తెలుసుకోండి. లెడ్జర్ బిగించాల్సింది ఇంటి నేల చుట్టూ అంచున ఉండే బ్యాండ్ చెక్కకు. బయట కనపడే పొరకు కాదు. టెక్సాస్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లేనో, ఫ్రిస్కో వైపు ఇళ్లకు బయట ఇటుక కనపడుతుంది. అది బరువు మోసే గోడ కాదు, అలంకారంగా కట్టిన ఒక వరస. వెనక ఖాళీ, ఆ వెనక చెక్క గోడ. ఆ ఇటుకకు లెడ్జర్ బిగించడం డీసీఏ 6 ఒప్పుకోదు. ఇంటి నేల పునాది దాటి ముందుకు పొడుచుకొచ్చిన చోట, అంటే బే కిటికీ లాంటి వాటి కింద కూడా అంతే. అలాంటి ఇళ్లకు డెక్‌ను గోడకు తగిలించకుండా, గోడ పక్కన ఇంకో వరస స్తంభాలు వేసి తన కాళ్ల మీద తాను నిలబడేలా కట్టాలి. ఖర్చు కొంత పెరుగుతుంది, గోడ భద్రంగా ఉంటుంది. బేస్‌మెంట్ ఉన్న ఇంటికి మాత్రం ఒక జాగ్రత్త. గోడ పక్కన మట్టి తవ్వి మళ్లీ నింపిన మట్టి. గోడకు 5 అడుగుల లోపు వేసే పునాదులు ఇంటి పునాది ఎంత లోతున ఉందో అంత లోతుకూ వెళ్లాలి.

గోడ లెడ్జర్‌కు పనికొస్తుందని తేలితే, ఆ మేర వినైల్ సైడింగ్, అంటే గోడ బయటి ప్లాస్టిక్ పొర, విప్పేయాలి. సైడింగ్ మీదే లెడ్జర్ పెట్టి బోల్టులు దింపితే పని గంటలో అయిపోతుంది, కానీ లోపల నీళ్లు నిలిచి ఇంటి బ్యాండ్ చెక్కే కుళ్లుతుంది. విప్పాక ఆ చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ముందు దాన్ని బాగుచేయించాలి.

బిగించేది మేకులతో కాదు. మేకు పక్కకు తోసే బరువును ఆపుతుంది, బయటికి లాగే బలాన్ని ఆపలేదు. జనం రెయిలింగ్ దగ్గరకు చేరి ఊగినప్పుడు వచ్చేది ఆ లాగే బలమే. చెక్కలోకి తిప్పి దించే అర అంగుళం మందం లాగ్ స్క్రూలు గానీ, గోడ లోపలిదాకా పోయి నట్టు పడే బోల్టులు గానీ కావాలి. మన 12 అడుగుల డెక్‌కు పట్టిక ప్రకారం లాగ్ స్క్రూలైతే 15 అంగుళాలకొకటి, బోల్టులైతే 29 అంగుళాలకొకటి. ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా మార్చి మార్చి వేయాలి. అన్నీ ఒకే గీత మీద వేస్తే ఆ గీత వెంటే చెక్క చీలుతుంది. లెడ్జర్ పై అంచుకు, కొసలకు 2 అంగుళాల కంటే దగ్గరగా ఏదీ రాకూడదు. వీటికి తోడు డెక్ గోడ నుంచి జారకుండా పట్టే ప్రత్యేక ఇనుప కట్లు ఉంటాయి. 1,500 పౌండ్లు పట్టేవి రెండు చోట్ల గానీ, 750 పౌండ్లు పట్టేవి నాలుగు చోట్ల గానీ వేయమని కోడ్ చెబుతుంది.

ఆ తర్వాత నీళ్ల సంగతి. ఫ్లాషింగ్ అనే వంచిన రేకు లెడ్జర్ పైభాగాన్ని కప్పి, గోడ మీదికి పోయి, ఇంటికి చుట్టిన పొర కిందికి దూరాలి. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు, ప్రతి పై పొర కింది పొరను కప్పుతూ రావాలి. ఒక్క పొర తిరగబడినా అక్కడ పడిన ప్రతి చుక్క లోపలికే పోతుంది. తలుపు గడప కింద ఈ పని కష్టం, సగంమంది ఇక్కడే సీలెంట్ పూసి వదిలేస్తారు. సీలెంట్ కొన్నేళ్లకు చిట్లుతుంది. రేకు వేయించండి.

రేకు ఏ లోహమో కూడా చూసుకోవాలి. 2003 చివరి దాకా ఇళ్ల చెక్కకు కుళ్లకుండా ఆర్సెనిక్ కలిసిన మందు పెట్టేవారు. అది ఆగిపోయాక వచ్చిన మందుల్లో రాగి ఎక్కువ. రాగి తగిలితే అల్యూమినియం, మామూలు ఇనుము తొందరగా తినేసుకుపోతాయి. అందుకే మందు పట్టించిన చెక్కకు తగిలే ప్రతి స్క్రూ, బోల్టు, హ్యాంగర్ (జాయిస్ట్ కొసను పట్టే ఇనుప పట్టు) వేడి జింకు పూత ఉన్నదో, స్టెయిన్‌లెస్‌దో అయి ఉండాలి. రెండు రకాలు కలపకండి, హ్యాంగర్ ఏదైతే దాని మేకులూ అదే.

చట్రం నిలబెట్టడం

స్తంభాలకు 4 బై 4 కాకుండా 6 బై 6 తీసుకోండి. దూలం కూర్చోడానికి చోటు దొరుకుతుంది. స్తంభాన్ని కాంక్రీట్‌లో పాతేయకుండా, కాంక్రీట్ మీద బిగించిన ఇనుప బేస్‌లో నిలబెడితే అడుగు తడవదు. దూలం స్తంభం నెత్తి మీద కూర్చోవాలి. పక్కన ఆనించి బోల్టు వేస్తే మొత్తం బరువు ఆ బోల్టు మీదే పడుతుంది. పాత డెక్‌లలో ఇది ఎక్కువగా కనపడుతుంది, ఇప్పుడు ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకోరు.

చట్రం మూలలు నిక్కచ్చిగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక పక్క 6 అడుగులు, ఇంకో పక్క 8 అడుగులు గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. సరిగ్గా 10 అడుగులు రావాలి. జాయిస్ట్ హ్యాంగర్‌లో ఎన్ని రంధ్రాలుంటే తయారీదారు చెప్పిన మేకులు అన్నీ పడాలి. చేతికి దొరికిన స్క్రూలు వాడకండి, మామూలు స్క్రూలు బరువుకు పుటుక్కున తెగుతాయి. పలకలు పరవకముందే చట్రం ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి. హ్యాంగర్లు, బోల్టులు కొన్న పెట్టెలు పారేయకుండా అక్కడే ఉంచితే ఇన్‌స్పెక్టర్ నంబరు చూసి వెంటనే తేల్చుకుంటారు.

పలకల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మందు పట్టించిన చెక్క చవక, ఏడాది రెండేళ్లకోసారి పూత కావాలి. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ ఖరీదైనది, నిర్వహణ తక్కువ. ముదురు రంగు కాంపోజిట్ టెక్సాస్, అరిజోనా ఎండలో ఒట్టి కాళ్లతో నడవలేనంత కాలుతుంది. చెప్పులు బయట విడిచే ఇళ్లకు లేత రంగే నయం.

రెయిలింగ్, మెట్లు

డెక్ 30 అంగుళాల ఎత్తు దాటితే గార్డ్ రెయిలింగ్ తప్పనిసరి. ఎత్తు కనీసం 36 అంగుళాలు, కొన్ని రాష్ట్రాల్లో 42. ఊచల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. పసిపిల్లల తల కొలత అది. రెయిలింగ్ స్తంభాన్ని సగం చెక్కి అంచుకు ఆనించి స్క్రూ చేయడం పాత అలవాటు, చెక్కిన చోటే విరుగుతుంది. కొత్త కోడ్‌లో దాన్ని తీసేశారు. చట్రం లోపలి నుంచి పట్టే ఇనుప కట్లు వాడాలి.

మెట్ల ఎత్తు డెక్ పక్కన నేల నుంచి కొలవకండి. మెట్లు దిగేచోట నేల నుంచి కొలవండి. పెరడు వాలుగా ఉంటే రెండింటికీ అంగుళాల తేడా వస్తుంది. ఒక్కో మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు దాటకూడదు, పాదం పెట్టే చోటు 10 అంగుళాలకు తగ్గకూడదు. 36 అంగుళాల ఎత్తును 7¾తో భాగిస్తే నాలుగున్నర పైన వస్తుంది, కాబట్టి ఐదు మెట్లు, ఒక్కోటి 7.2 అంగుళాలు. అన్నిటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా ⅜ అంగుళం లోపే ఉండాలి. ఒక్క మెట్టు తేడాగా ఉంటే కాలు అక్కడే తడబడుతుంది. పైన పరిచే పలక మందం మర్చిపోవడం వల్ల మొదటి మెట్టో, ఆఖరి మెట్టో తేడా వస్తుంటుంది, గీసేటప్పుడే కలుపుకోండి.

నాలుగు మెట్లు, అంతకంటే ఎక్కువ ఉంటే చేత్తో పట్టుకునే కమ్మీ కావాలి, 34 నుంచి 38 అంగుళాల ఎత్తున. రెయిలింగ్ పైన అడ్డంగా పరిచిన వెడల్పు చెక్క కమ్మీ లెక్కలోకి రాదు. వేళ్లు చుట్టూ తిరిగి పట్టు దొరకాలి. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇల్లైతే కోడ్ అడగకపోయినా రెండు వైపులా వేయించండి. మంచు పడిన పొద్దున పెద్దవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

కాంట్రాక్టర్‌కు ఇస్తుంటే

లైసెన్స్ పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్లకు రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు, కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం, ముందు కట్టిన పనులు మీరే చూసుకోవాలి. న్యూజెర్సీలో ఇంటి మరమ్మతులు చేసేవాళ్లు రాష్ట్రంలో రిజిస్టర్ అయి ఉండాలి. కాలిఫోర్నియాలో అడ్వాన్స్‌గా ఒప్పందంలో 10 శాతం, 1,000 డాలర్లు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు.

"పర్మిట్ లేకుండా చేస్తే రెండు వేలు తగ్గిస్తా" అనే మాట వింటే అక్కడితో ఆ మనిషిని మర్చిపోండి. "పర్మిట్ మీ పేరు మీద తీయండి, పని నేను చేస్తా" అనేవాళ్లతోనూ జాగ్రత్త. అలా తీస్తే పనికి బాధ్యులు మీరవుతారు. ఇల్లు అమ్మేటప్పుడు పర్మిట్ లేని డెక్ బయటపడితే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు, లేదా తర్వాత పర్మిట్ తెచ్చుకోమంటారు. అప్పుడు మూసేసిన పునాదిని, గోడను విప్పి చూపించాల్సి వస్తుంది. చివరి విడత డబ్బు ఆఖరి ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి.

ఆఖరి ఇన్‌స్పెక్షన్, ఆ తర్వాత

పర్మిట్ తీసుకుని పని మొదలుపెట్టకుండా 180 రోజులు గడిస్తే చాలాచోట్ల అది చెల్లదు, మధ్యలో అన్నాళ్లు ఆపినా అంతే. ఆలస్యమవుతుంటే గడువు పెంచమని ముందే రాయండి. ఆఖరి ఇన్‌స్పెక్షన్‌లో ఏదైనా లోపం చూపిస్తే కాగితం మీద రాయించుకుని, సరిచేసి మళ్లీ పిలవడమే. ఇన్‌స్పెక్టర్‌తో వాదన వద్దు, కోడ్‌లో ఏ నిబంధన కింద అడుగుతున్నారో మర్యాదగా అడిగితే చెబుతారు. పాసయ్యాక వచ్చే పత్రాన్ని ఇంటి దస్తావేజులతో దాచండి.

గ్రిల్‌ను గోడకు దూరంగా పెట్టండి, వినైల్ సైడింగ్ మంట తగలకుండానే కరిగిపోతుంది. బిర్యానీకి పెద్ద ప్రొపేన్ పొయ్యి వెలిగించాల్సి వస్తే డెక్ మీద కాదు, కింద నేల మీద. శీతాకాలం అయిపోయిన ప్రతిసారీ డెక్ కిందికి దూరి లెడ్జర్ అంచు, స్తంభాల అడుగు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, నట్టులు బిగించండి, లెడ్జర్‌కూ గోడకూ మధ్య కొత్తగా సందు కనపడితే బాగు చేయించేదాకా డెక్ మీదికి ఎవరినీ రానివ్వకండి.